పాసుపుస్తకం అడిగాం, పిల్లాణ్ణి అడగలేదు

రైతు ప్రాణం తీసుకున్న ఇంటికి సంఘం తరఫున వెళ్లినప్పుడు మనం ముందు కాగితాలే అడుగుతాం. ఎఫ్‌ఐఆర్ అయిందా, పోస్టుమార్టం రిపోర్టు వచ్చిందా, కౌలు కార్డు ఉందా, ప్రామిసరీ నోట్లు ఎవరి దగ్గరున్నాయి? అడగక తప్పదు. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ ఉండే త్రిసభ్య కమిటీ వచ్చేసరికి ఇవి లేకపోతే పరిహారం రాదు. 2004లో 421 జీవో వచ్చిన నాటి నుంచీ ఇదే తంతు. లక్షన్నరతో మొదలైన పరిహారం పోరాటాల వల్ల ఏడు లక్షలకు చేరింది గానీ కాగితాల గొడవ మాత్రం తగ్గలేదు. కౌలు రైతయితే మరీ ఘోరం. 2019 చట్టం ప్రకారం కార్డు కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి. ఆయన పెట్టడు. కాబట్టి చనిపోయినవాడు రైతే కాదంటారు.

పెడన వైపు ఒక ఊళ్లో ఇలాగే కాగితాలు చూస్తూ కూర్చున్నాం. పదో తరగతి చదివే కొడుకు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. వాళ్ల నాన్న పడుకునే మంచం మీద ఎవరినీ కూర్చోనివ్వడం లేదని, రాత్రిళ్లు నిద్రపోవడం లేదని అమ్మమ్మ చెప్పింది. 'వయసు పిల్లాడు, సర్దుకుంటాడులే అమ్మా' అన్నాను. ఆ ఫైలు కోసం ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు. చివరికి డబ్బు వచ్చింది. ఈలోగా పిల్లాడు బడి మానేశాడు. తల్లితో మాట్లాడడం కూడా మానేశాడని తర్వాత తెలిసింది. ఆ 'సర్దుకుంటాడులే' అన్నది నేనే కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అప్పటికే 14416 అనే నంబరు పనిచేస్తోంది. టెలీ మానస్ అంటారు. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించి, ఆ ఏడాది అక్టోబరు 10న మొదలుపెట్టారు. బెంగళూరులోని నిమ్హాన్స్ దీనికి పెద్ద దిక్కు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. స్మార్ట్‌ఫోను అక్కర్లేదు, బటన్ల ఫోను చాలు. అది కలవకపోతే 1800 891 4416. అవతల కౌన్సెలర్ వింటారు, అవసరమైతే డాక్టరుకు కలుపుతారు. ఈ సంగతి నాకు తెలియదు. మన కరపత్రాల్లో ఎక్కడా వేయలేదు కూడా.

ఎందుకు వేయలేదంటే, మనలో చాలామందికి ఇలాంటివంటే అనుమానం. ధర ఇవ్వనివాడు ధైర్యం చెప్తానంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. 2023లో వ్యవసాయ రంగంలో 10,786 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో చెప్పింది. వారిలో సాగుదార్ల కంటే కూలీలే ఎక్కువ. ఇది మానసిక బలహీనత వల్ల జరిగిందని ఎవరైనా అంటే వాళ్లతో తగాదా పడాల్సిందే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన పనలు నీళ్లలోనే మొలకెత్తాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా వచ్చి చేలను పడేసింది. ఆ అప్పు ఫోనులో మాట్లాడితే తీరదు.

కానీ ధర కోసం కొట్లాడేది బతికున్న రైతే గదా. కాలు విరిగితే గిట్టుబాటు ధర వచ్చాక కట్టు కట్టించుకుందామని ఎవరూ అనరు. నిద్ర పట్టని మనిషి విషయంలో మాత్రం మనం అదే అంటున్నాం.

డబ్బున్నవాళ్లు ఆగడం లేదు. విజయవాడలో, హైదరాబాదులో ఉద్యోగాలు చేసేవాళ్లు మొగుడూ పెళ్లాల తగాదాలకు, పిల్లల మొండితనానికి వీడియోలో కౌన్సెలింగ్ తీసుకుంటున్నారు. ముప్పావు గంటకు వెయ్యి రూపాయలు, కొన్నిచోట్ల ఇంకా పైన. 2025-26లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తాకు 1,777. అదీ మిల్లరు తేమ పేరుతో కోత పెట్టకపోతే! ఒక్కసారి మాట్లాడితే సరిపోయేది కాదు, నాలుగైదుసార్లు కావాలంటారు. అన్ని బస్తాలు పోసి మనసు బాగుచేసుకునే కౌలు రైతు డెల్టాలో ఎవరున్నారు? అందుకే ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేదాన్ని మనం గట్టిగా పట్టుకోవాలి. ఇదేమీ దయ కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీన్ని హక్కుగా రాసింది.

అదే చట్టంలో 115వ సెక్షన్ గురించి ప్రతి గ్రామ కమిటీకీ తెలియాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిదే అని అందులో ఉంది. ఇంకా మన ఊళ్లలో పోలీసు కేసవుతుందని భయపడి, బతికి బయటపడ్డవాళ్లను గుట్టుగా ఇంట్లో దాస్తున్నారు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ మేడల మీద రోజుల తరబడి చిక్కుకున్నవాళ్ల గురించి టీవీల్లో చూశాం. కింద నందివాడ పొలాలు మునిగిన సంగతి తక్కువమందికి గుర్తుంది. ఇప్పటికీ మబ్బు పట్టగానే బియ్యం బస్తా మంచం మీదికి ఎక్కించే అమ్మలు ఆ రెండుచోట్లా ఉన్నారు. పిల్లలు నీళ్లొస్తాయా అని పదేపదే అడుగుతారు. కసిరితే ఊరుకుంటారు, భయం మాత్రం పోదు. 1977 నవంబరు 19 ఉప్పెన నాటి దివిసీమ పెద్దవాళ్లను అడగండి, గాలి గట్టిగా వీస్తే ఇప్పటికీ ఎందుకు లేచి కూర్చుంటారో చెప్తారు. వాళ్లను అప్పుడు అడిగిన నాథుడు లేడు.

ఇంకో సంగతి మన ఇళ్లలోదే. ఎకరం తాకట్టు పెట్టి పిల్లలను విజయవాడ చుట్టుపక్కల హాస్టలు కాలేజీల్లో చేరుస్తున్నాం. ఆదివారం ఫోను చేస్తే మొదటి మాట 'మార్కులెన్ని వచ్చాయి?' రెండో మాట 'నీ కోసం ఎంత అప్పు చేశామో తెలుసా?' పదహారేళ్ల పిల్ల ఆ అప్పును నెత్తిన పెట్టుకుని చదువుతుంది. 14416కు తల్లిదండ్రులు కూడా ఫోను చేయొచ్చు. పిల్లలతో ఎలా మాట్లాడాలో అడగడం నామోషీ కాదు. చేనుకు తెగులు వస్తే అడగడం లేదా?

అయితే నంబరు గోడ మీద రాసినంత మాత్రాన సరిపోదు. ఫోను మొగుడి చేతిలో ఉంటుంది. రెండు గదుల ఇంట్లో అత్తగారు వింటుండగా ఏ కోడలు తన బాధ చెప్పుకుంటుంది? రైతు సేవా కేంద్రంలోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో తలుపు వేసుకుని మాట్లాడుకునే గది, అక్కడే ఒక ఫోను కావాలి. ఆశా కార్యకర్త వచ్చి వారం తర్వాత మళ్లీ పలకరించాలి. రైతు చనిపోయిన ఇంటికి త్రిసభ్య కమిటీ వెంట మానసిక ఆరోగ్య సిబ్బంది ఒకరు రావాలి, పరిహారం మంజూరైనా కాకపోయినా ఆ కుటుంబాన్ని కనీసం ఏడాది చూడాలి. కౌలు కార్డు లేని ఇంటికి కూడా. ఫోనులో తేలని సమస్యలు చాలా ఉంటాయి. అందుకు ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు, మందులు ఉండాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచీ ఉంది గదా, దానికి నిధులు, సిబ్బంది అడగడం మన పనే.

ఈసారి జిల్లా కమిటీ ముందు ఈ కోర్కెలు పెడుతున్నాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అక్కడే వాదించుకుందాం. ఈలోపు మన విచారణ ఫారంలో ఒక వరుస చేర్చండి: ఇంట్లో పిల్లలు ఎందరు, నిద్రపోతున్నారా, బడికి వెళ్తున్నారా. పెడన వైపు ఆ ఇంటికి వచ్చే వారం మళ్లీ వెళ్తున్నాను, ఈసారి కాగితాలు లేకుండా.