భీంకు అక్షరాలు ఎవరు నేర్పారు?

ఉట్నూరు ఏజెన్సీలో నేను పాఠం చెప్పే బడిలో ఒక ఆదివారం హాస్టల్ పిల్లలకు 'ఆర్ఆర్ఆర్' సినిమా పెట్టాం. మూడు గంటలపాటు ఒక్క పోరడు కదల్లేదు. పులి దూకితే లేచి నిలబడ్డారు. కొరడా దెబ్బలు తింటూ భీం పాడుతుంటే ఏడ్చారు. సోమవారం తెలుగు పీరియడ్‌లో ఆరో తరగతి కోలాం పిల్లవాడు లేచి అడిగాడు: "సార్, భీంకు చదువు రాదా? రామరాజే నేర్పిండా?"

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. జవాబు తెలియక కాదు. ఆ సినిమా పెట్టింది నేనే. అంతకుముందు ఏడాదంతా భీం గురించి ఆ పిల్లవాడికి నేను చెప్పింది ఒక పేజీ పాఠం. సినిమా చెప్పింది మూడు గంటలు. ఏది నిలబడుతుందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

మిత్రులారా, ఈ వ్యాసం సినిమాలు చూడొద్దని చెప్పడానికి కాదు. చూద్దాం. కానీ ఏవి చూడాలో, ఎట్లా చూడాలో మనమే తేల్చుకుందాం.

ముందు భీం ముచ్చట. ఆ సినిమా చివర్లో రామరాజు ఏం కావాలో కోరుకొమ్మంటాడు. భీం చదువు ఇవ్వమంటాడు. థియేటర్లో చప్పట్లు పడ్డాయి. మన పెద్దలు చెప్పుకునే భీం, పుస్తకాల్లోకి ఎక్కిన భీం వేరు. సంకేపల్లిలో పుట్టిన గోండు పిల్లవాడు భూమి తగాదాలో ఊరు విడిచి చాందాకు పోయాడు. అక్కడ విఠోబా అనే ఆయన అచ్చు యంత్రం దగ్గర పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడు. తర్వాత అస్సాం తేయాకు తోటల్లో కూలీ చేశాడు. అక్కడి కూలీల కష్టాలు చూసి తిరిగొచ్చాడు. వచ్చి నైజాం సర్కారుకు, దాని జంగ్లాత్ చట్టాలకు ఎదురు నిలబడ్డాడు. పన్నెండు ఊళ్లను కూడగట్టాడు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో సర్కారు తూటాలకు నేలకొరిగాడు. తన అక్షరాలను తానే చెమటోడ్చి సంపాదించుకున్న మనిషి ఆయన. ఎవరి దగ్గరా చేయి చాపలేదు.

"అది కల్పన అని సినిమా వాళ్లు ముందే చెప్పారు కదా" అంటారు. చెప్పారు, నిజమే. 2019లో విలేకరుల ముందు దర్శకుడే అన్నాడు, ఇద్దరు వీరులూ యవ్వనంలో కొన్నేళ్లు ఇల్లు విడిచి పోయారని, ఆ ఏళ్లలో ఏం జరిగిందో తెలియదు కాబట్టి అక్కడ తన కథ అల్లానని. నా అభ్యంతరం సరిగ్గా అక్కడే. ఎవరికి తెలియదు? భీం విషయంలో ఆ ఏళ్లు చాందా ఏళ్లు, అస్సాం ఏళ్లు. మనవాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. గాజులపల్లి అల్లం రాజయ్య, సాహు కలిసి ఈ గూడేల్లో తిరిగి, విని, 1983 నాటికే నవల రాశారు. మనకు తెలిసింది తెలిసినట్టు లెక్కకు రాలేదు. ఖాళీ అని ముద్రవేసి ఆ చోటును ఇంకొకరి కథతో నింపారు.

కల్పనలో ఏదైనా రాయొచ్చు. భీంకు రామరాజు అక్షరం నేర్పినట్టు రాశారు. తలకిందులుగా ఎందుకు రాయలేదు? చాందాలో అచ్చు అక్షరాలు పేర్చిన చేతులు ఇంకొకరికి పలక పట్టి నేర్పినట్టు ఎందుకు చూపలేదు? ఆ ఊహ వాళ్లకు రాలేదు. బలం ఆదివాసీది, బుద్ధి ఇంకొకరిది అనే పాత లెక్క వాళ్ల ఊహ కంటే ముందే కూర్చుని ఉంది.

2020 అక్టోబరులో ఆ సినిమా టీజర్ వచ్చినప్పుడు భీం నెత్తిన టోపీ చూసి ఎంత లొల్లి అయిందో మీకు గుర్తుంది. బెదిరింపులు, ప్రకటనలు, టీవీ చర్చలు. సినిమా వచ్చాక అక్షరాల గురించి అందులో పదో వంతు కూడా మాట్లాడలేదు. టోపీ సినిమా సగంలో మారువేషం. దాన్ని తీసేస్తాడు. చదువు రాదన్న ముద్ర మాత్రం మన పిల్లల నెత్తిన రోజూ ఉంటుంది, తీయడానికి రాదు. మన తరఫున కోపం తెచ్చుకున్నవాళ్లు కూడా మనకు తగిలిన దెబ్బ ఏదో చూడలేదు.

ఇది ఒక్క సినిమా కథ కాదు. 2015లో వచ్చిన 'బాహుబలి'లో కాలకేయులు గుర్తున్నారా? నల్లరంగు పూసుకుని, పళ్లు ఇకిలించి, నాగరికులను నరకడానికి వచ్చే గుంపు. వాళ్లకోసం కిలికి అని ఒక భాషను పనిగట్టుకుని పుట్టించారు. పదాలు, వ్యాకరణం సమకూర్చారు. 2020లో ప్రపంచ మాతృభాషా దినోత్సవం నాడు ఆ భాషకు వెబ్‌సైట్ కూడా తెరిచారు. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలమంది. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల్లోని మన లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అయినా తెలుగు సినిమాలో భీం నోట గోండి పలికించడానికి ఆ ఓపిక లేదు. లేని జాతికి భాష ఇచ్చినవాళ్లు ఉన్న జాతి భాషను వదిలేశారు.

ఇంకో మాట. 2023 మార్చిలో ఒకే రాత్రి మన దేశానికి రెండు ఆస్కార్లు వచ్చాయి. ఒకటి 'నాటు నాటు' పాటకు. రెండోది నీలగిరి అడవుల్లో ఏనుగు పిల్లలను సాకిన కాట్టునాయకన్ దంపతులు బొమ్మన్, బెల్లి కథ చెప్పిన 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' డాక్యుమెంటరీకి. ఆ పాటకు తెర మీద అడుగు వేసింది భీం పేరు. ఆ డాక్యుమెంటరీని మోసింది ఒక ఆదివాసీ జంట. వేదిక ఎక్కి అవార్డులు అందుకున్నవాళ్లలో మాత్రం ఆదివాసీ లేడు. దీన్ని అసూయతో చెప్పడం లేదు. లెక్క చెబుతున్నాను.

అయితే ఏం చూద్దాం? పిల్లలకు యాక్షన్ కావాలి, నవ్వు కావాలి, దయ్యం కావాలి, ఏడుపు కావాలి. కాదనొద్దు. ఏ రకం సినిమా అయినా చూసి మూడు ప్రశ్నలు వేద్దాం. ఇందులో మనం ఏ భాషలో మాట్లాడుతున్నాం? ఎవరు ఎవరిని కాపాడుతున్నారు? కథ అయిపోయాక భూమి, కలం ఎవరి చేతిలో మిగిలాయి?

చరిత్ర కావాలంటే అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన 'కొమరం భీం' వెతికి చూడండి. భూపాల్ రెడ్డి భీంగా నటించాడు. దానికి నంది అవార్డులు వచ్చాయి గానీ, జనం ముందుకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మెరుపులు లేవు, పులులు దూకవు. భూమి, జంగ్లాత్, నైజాం మాత్రం ఉన్నాయి. 'ఆర్ఆర్ఆర్' చూపించిన ప్రతి బడి దీన్ని కూడా చూపించాలి. అప్పుడు పిల్లలే తేల్చుకుంటారు.

నవ్వుతూ ఆలోచించాలంటే 2017 హిందీ సినిమా 'న్యూటన్'. దండకారణ్యంలో 76 ఓట్ల కోసం ఎన్నికల అధికారి వస్తాడు. నిజాయితీపరుడే, కానీ ఆ ఊరి మాట తెలియదు. అతనికీ ఊరికీ మధ్య వారధి మల్కో అనే స్థానిక ఆదివాసీ టీచరు. ఆమె అరవదు, ఏడవదు. అంతా తెలిసి తక్కువ మాట్లాడుతుంది. ఏజెన్సీలో పనిచేసే ఉపాధ్యాయ మిత్రులు ఆమెలో తమను తాము చూసుకుంటారు.

కోర్టు కథ కావాలంటే 2021 తమిళ సినిమా 'జై భీమ్', తెలుగులోనూ ఉంది. అందులోనూ హీరో లాయరే, కాపాడేవాడు బయటివాడే. ముఖ్యపాత్రల్లో ఇరుళ నటులు లేరు. ఈ లోపాలు పిల్లలకు చెప్పండి. కానీ సినతల్లి డబ్బుకు లొంగదు. చివరి దృశ్యంలో ఆమె బిడ్డ లాయరు ఎదురుగా కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతుంది. చదువు దానంగా రాలేదు, సమానంగా కూర్చుంది. 'ఆర్ఆర్ఆర్' చివరి దృశ్యాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి మాట్లాడండి, ఒక పూట పాఠం అవుతుంది. పోలీసు హింస చాలా ఉంది కాబట్టి చిన్న తరగతులకు వద్దు.

దైవం, పూనకం, అడవి కలిసిన కథ కావాలంటే 2022 కన్నడ సినిమా 'కాంతార'. అడవిలో మనిషికి హక్కు ఎక్కడినుంచి వచ్చిందో బలంగా అడుగుతుంది. జవాబు మాత్రం సులువుగా ఇస్తుంది. చెడ్డ దొర చస్తాడు, అటవీ అధికారి చేయి కలుపుతాడు, కథ సుఖాంతం. మన పోడు గొడవ ఒక దొర చస్తే తీరేది కాదు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా ఎన్ని కందకాలు తవ్వారు, ఎన్ని చేలల్లో మొక్కలు నాటారు? 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. పట్టా అందినవాడి పక్కింట్లో అందనివాడు ఉన్నాడు. ఆ సినిమా చూసి పిల్లలు పూనకం అనుకరిస్తారు. మనం గ్రామసభ అంటే ఏమిటో చెప్పాలి.

ఇంటి కథ కావాలంటే 2023లో వచ్చిన 'బలగం'. సిరిసిల్ల పల్లె, చావు, పిట్ట ముట్టకపోవడం, అంతే కథ. మన పాత కరీంనగర్ జిల్లా మాట ఎవరూ ఎగతాళి చేయకుండా తెర మీద వినబడింది. చివర్లో బుడిగజంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే ఊళ్లలో తెరలు కట్టుకుని జనం కలిసి కూర్చుని ఏడ్చారు. ఇది ఆదివాసీ సినిమా కాదు. అయినా మనకు పాఠం ఉంది. పిట్టకు ముద్ద పెట్టే ముచ్చట సినిమా అయినప్పుడు, పోయినవాళ్లను పెర్సపేన్‌లో కలిపే మన కార్యం ఎందుకు కాదు? ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20 నాటి ఒక తల్లి కథ ఎందుకు కాదు?

మనవాళ్లు తీసినవి కావాలంటే జార్ఖండ్ ఉరాంవ్ దర్శకుడు బిజూ టొప్పో డాక్యుమెంటరీలు ఉన్నాయి. అస్సాం తేయాకు తోటల ఆదివాసీల మీద ఆయన 'కోరా రాజీ' తీశాడు. భీం కూలీ చేసిన లోకం అది. ఇంకా దూరం పోతే, కెనడా మంచు సీమలో ఇనుయిట్ దర్శకుడు జకరియాస్ కునుక్ పెద్దల నోటి కథను సొంత భాషలోనే 'అతనార్జువాత్' అనే సినిమాగా తీశాడు. 2001లో కాన్స్‌లో అవార్డు వచ్చింది. అమెరికాలో 2022లో వచ్చిన 'ప్రే' గ్రహాంతర జీవితో ఒక కొమాంచి ఆడపిల్ల పోరాడే కథ. దాన్ని మొత్తం కొమాంచి భాషలో డబ్ చేశారు. నవాహో భాషలో 'స్టార్ వార్స్' 2013లోనే వచ్చింది. ఈ దూరపు సినిమాలు పెద్దవాళ్లకు, అదీ టీచర్లు ముందుగా చూశాకే.

మరి గోండిలో ఒక మంచి సినిమా డబ్బింగ్ చేయించడానికి ఏం అడ్డు? ఆదిలాబాద్ ఆకాశవాణిలో గోండి కార్యక్రమాలు వస్తున్నాయి. గొంతులు ఉన్నాయి, మాట ఉంది. లేనిది అడిగేవాళ్లే. సర్కారును అడుగుదాం, ఏడాదికి ఒక్క సినిమా గోండిలో, ఒకటి కోలామీలో డబ్ చేయించమని. సినిమా వాళ్లనూ అడుగుదాం, భీం పేరు పెట్టుకునేవాడు ముందు జోడేఘాట్‌కు వచ్చి పన్నెండు ఊళ్ల పెద్దలతో కూర్చోవాలని.

అడిగేది బయటివాళ్లనే కాదు. యువ మిత్రులారా, మీరు పాటలకు వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెడుతున్నారు, సంతోషం. కానీ సినిమా స్టెప్పులకు గుస్సాడి నెమలి టోపీ తొడిగితే అది మన సినిమా అవుతుందా? దండారికి తప్ప తీయని ఆ టోపీని మంత్రుల స్వాగతాలకు, రీల్స్‌కు మనమే బయటికి తెస్తున్నాం. మార్లవాయి గుస్సాడి గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయాడు. ఆయన నోట విని రికార్డు చేసుకున్నది ఎంత? కీక్రి మీద రాత్రంతా కథ నడిపే పర్ధాన్, తోటి పెద్దలు ఇంకా ఉన్నారు. మీ జేబులో కెమెరా ఉంది. వాళ్ల ముందు కూర్చోండి.

ఉపాధ్యాయ మిత్రులారా, నెలకు ఒక్క సినిమా పెట్టండి. ముందు మీరు చూడండి. అయిపోయాక లైట్లు వేసి పిల్లలను పడుకోబెట్టకండి. మూడు ప్రశ్నలు వేయండి, వాళ్ల భాషలోనే చెప్పనివ్వండి. నేను ఆ ఆదివారం చేయని పని అదే.

ఆ కోలాం పిల్లవాడికి తర్వాత జవాబు చెప్పాను. చాందా, విఠోబా, అచ్చు యంత్రం, అస్సాం, అంతా. విని కొంచెంసేపు ఊరుకుని అన్నాడు: "అయితే సార్, సినిమాల ఆ ముచ్చట ఎందుకు పెట్టలే?"

ఆ ప్రశ్నకు జవాబు నేను చెప్పేది కాదు. వాడు పెద్దయ్యాక తీసే సినిమా చెప్పాలి. అందాకా వాడి చేతికి కలం, కెమెరా అందేటట్టు చూడటం మన పని.