వీడియో బరువు తగ్గింపవచ్చును, పురుగు కనబడవలెను

గోదావరి డెల్టాలో వరికి సుడిదోమ సోకినపుడు సెల్‌ఫోనుతో వీడియో తీసి వ్యవసాయాధికారికి పంపుట నేడు పరిపాటి అయినది. ఇది మంచి అలవాటే. కాని కొన్ని వీడియోలు మిక్కిలి బరువై దారిలోనే ఆగిపోవును. కొన్ని మిక్కిలి కుదింపబడి మసకగా చేరును. సుడిదోమ మూడు నాలుగు మిల్లీమీటర్ల పురుగు. దుబ్బు మొదట, నీటికి కొంచెము పైన ఉండును. బొమ్మ మసకబారిన అది కనబడదు. ఆలస్యమైన కొలది చేను సుడులు సుడులుగా ఎండిపోవును.

వీడియో బరువు సెకనుకు వాడు సమాచారమును, అనగా బిట్‌రేటును బట్టి యుండును. సెకనుకు 8 మెగాబిట్లయిన నిమిషమునకు 60 మెగాబైట్లు. 2 మెగాబిట్లయిన 15. బరువు పెంచిన కొలది నాణ్యము పెరుగునని తలపరాదు. నత్రజని మోతాదు మించినపుడు దిగుబడి పెరుగనట్లే, హద్దు దాటిన పిమ్మట బరువే మిగులును.

4కె వీడియోలో ఒక్కొక్క బొమ్మకు సుమారు 83 లక్షల చుక్కలుండును. 1080లో 21 లక్షలు, 720లో 9 లక్షలు. పురుగును చూపుటకు 1080, చేను మొత్తమును చూపుటకు 720 చాలును. సెకనుకు 30 బొమ్మలు చాలును, 60 అనవసరము. కుదించు పద్ధతులలో 2003 నాటి హెచ్.264 దాదాపు అన్ని ఫోన్లలో ఆడును. 2013 నాటి హెచ్.265 సుమారు సగము బరువులో అదే నాణ్యము నిచ్చును గాని, పాత ఫోన్లలో ఆడకపోవచ్చును. కావున పదిమందికి పంపునపుడు హెచ్.264 మేలు.

కుదించు సాధనము ప్రతి బొమ్మను పూర్తిగా దాచదు. ముందు బొమ్మకును దీనికిని గల భేదమునే ఎక్కువగా దాచును. గాలికి ఆకులూగినను, చేయి వణికినను భేదము పెరుగును. అందుచే కంప్యూటరు గల కార్యాలయములవారు హ్యాండ్‌బ్రేక్ వంటి ఉచిత సాధనములో ఒకే బిట్‌రేటును బిగింపక, స్థిరనాణ్యపు అంకెను ఎన్నుకొనుట మంచిదని నా అభిప్రాయము. అపుడు కదలిక గల చోట ఎక్కువ, లేని చోట తక్కువ సమాచారము ఖర్చగును. 1080 హెచ్.264 వీడియోకు 20 నుండి 23 వరకు సరిపోవును. అంకె ఆరు పెరిగిన బరువు రమారమి సగమగును, నాణ్యమును తగ్గును.

రైతులు చేయవలసినది ఇంతకన్న సులభము. ఫోనును కదలనీయక, దుబ్బు మొదలు చూపుచు ఇరువది సెకనులు తీయుడు. వాట్సాప్‌లో మామూలు వీడియోగా కాక డాక్యుమెంటుగా పంపుడు. అపుడు అది మరల కుదింపబడదు. రైతు సేవా కేంద్రము నుండి మార్టేరు పరిశోధనా స్థానము వరకు పోవలసిన వీడియోకు ఈ జాగ్రత్త మరియు అవసరము. కుదింపులో పోయిన వివరము తిరిగి రాదు. బియ్యము మరల వడ్లగునా? అసలు ప్రతిని ఫోనులో ఉంచుకొనుడు.

పంపుటకు ముందు వీడియోను ఒకచోట ఆపి చూడుడు. దోమ మీ కంటికి కనబడినచో ఆ బరువు చాలును. కనబడనిచో దానిని ఎంత తేలికగా పంపినను ప్రయోజనము లేదు.