మద్దెల ఓడు కాదు



"ఫైళ్ళకు తెలుగు పేర్లు పెట్టకండి, షెల్లుకు తెలుగు రాదు" అనే హితబోధ చాలామార్లు విన్నాను. చెప్పినవారందరూ తెలుగువారే, చదువుకున్నవారే. ఆ మాట అసత్యమని చెప్పుటకే ఈ టపా.

నా నష్టము మొదట చెప్పెదను. ఏళ్ళతరబడి టైపు చేసుకున్న పద్యాలన్నీ "పద్యాలు" అనే ఫైలులో ఉండేవి. అంతకుముందటి ప్రతికి "పద్యాలు పాత" అని పేరు. ఆ పాతదానిని తొలగించుటకు చిన్న స్క్రిప్టు వ్రాసి, దాని పేరును ఎఫ్ అనే చరరాశిలో ఉంచి, 'ఆర్ఎం డాలరు ఎఫ్' అన్నాను. పాతది నిక్షేపముగా ఉన్నది, కొత్తది పోయినది! "పాత" అనే ఫైలు లేదని తెరపై ఒక ఫిర్యాదు మాత్రము మిగిలినది.

వెంటనే ఒక మిత్రుడు నేరము తెలుగుపై మోపినాడు. కాదు, నేరము నాది. కొటేషను గుర్తులు లేని చరరాశి విలువను బాష్ షెల్లు ఖాళీ ఉన్నచోటనల్లా విరిచి వేర్వేరు పదములుగా గ్రహించును. ఆంగ్లమున రెండు మాటల పేరు పెట్టినను ఇదే గతి. మన పరిభాషలో ఇది పదవిభాగదోషము. జంట కొటేషను గుర్తులు సమాసము చేయును: లోపల ఎన్ని పదములున్నను బయటికి ఒకే పదము. ఒంటి గుర్తులు పెట్టితే విలువ రాదు, 'డాలరు ఎఫ్' అన్న గుర్తులే మిగులును. బాష్‌లో చరరాశి పేరు ఆంగ్లాక్షరములలో ఉండవలసినదే. విలువకు ఆ నిర్బంధము లేదు.

రెండవ నింద: "కంప్యూటరుకు తెలుగు అక్షరాలు లెక్కపెట్టడం రాదు." 'స్త్రీ' అన్న మాటను ప్రింట్ఎఫ్‌తో డబ్ల్యూసీకి పంపి చూడండి. '-సి' అంటే 18 వచ్చును, అవి బైట్లు. '-ఎం' అంటే 6 వచ్చును, అవి యూనికోడు సంకేతములు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. ఛందస్సులో అది ఒక్కటే అక్షరము. మూడు లెక్కలూ సత్యములే, మనము అడిగిన ప్రశ్నలే వేరు. లొకేలును 'సి' అని ఉంచి '-ఎం' అడిగితే జీఎన్‌యూ డబ్ల్యూసీ అప్పుడూ 18 అనును. అదియు మన అమరికలోని లోపమే.

పనిముట్లలో అసలు లోపమే లేదనను. తెలుగు సంయుక్తాక్షరమును విడదీయరాని గుచ్ఛముగా చూచు నియమము యూనికోడులో 2023లో, 15.1వ కూర్పుతో గాని చేరలేదు. అయినను లోపమున్నచోట దానిని దిద్దించుకొనవలెను గాని, భాషను విడిచిపెట్టుట పరిష్కారమా? వ్యాకరణము కుదరలేదని పద్యమే మానివేసిన కవి ఉన్నాడా?

ఆడలేక మద్దెల ఓడనరాదు. డాలరుకు ఇరువైపులా కొటేషను గుర్తులు పెట్టండి, తెలుగు పేర్లు ధైర్యముగా పెట్టుకొనండి. కాదనువారుంటే వాదమునకు నేను సిద్ధము.