పసుపు సరే, పిల్లల మాటేమిటి?

ఆర్మూరు: పసుపు దాదాపు తొమ్మిది నెలల పంట. ధర పడితే రైతులు రోడ్డెక్కుతారు. వారి పోరు ఫలితంగానే 2025లో నిజామాబాదులో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. మరి 10 నుంచి 19 ఏళ్ల దాకా సాగే కౌమారం గురించి అంత పట్టింపు ఏదీ?

తండ్రి దుబాయిలో, తల్లి చేనులో, పిల్లవాడు ఇంటర్‌లో ఉండే ఇళ్లు ఈ ప్రాంతానికి కొత్త కావు. పిల్లవాడు మాట్లాడకపోతే పొగరంటారు, పరీక్ష తప్పితే బద్ధకమంటారు. అది వయసు లక్షణమా, ఎడబాటా, జబ్బా అన్నది తేల్చడానికి తల్లిదండ్రులనూ కూర్చోబెట్టి మాట్లాడే మనస్తత్వ నిపుణులు కావాలి.

2022 నుంచి 14416 నంబరుకు ఫోను చేస్తే సలహా దొరుకుతోంది. మంచిదే. అయినా ఇంటి సంగతులెరిగిన మనిషికి ఫోను సాటిరాదు. ఇక్కడి యువత మనస్తత్వశాస్త్రం చదివి ఈ వృత్తి చేపట్టాలి. వారికి కాలేజీల్లో, ఆసుపత్రుల్లో శాశ్వత కొలువులిచ్చే బాధ్యత ప్రభుత్వానిదే.