మోనికాకు ఒక పేరు నిలవాలి

మార్వెల్ కామిక్స్‌లో మోనికా రాంబో పుట్టి నలభై ఏళ్లు దాటింది. ఈలోగా ఆమెకు నాలుగు పేర్లు మారాయి: కెప్టెన్ మార్వెల్, ఫోటాన్, పల్సార్, స్పెక్ట్రమ్. 2022లో మళ్లీ ఫోటాన్ అన్నారు. ఆమె శక్తి తగ్గలేదు, స్వభావం మారలేదు. పేరు మాత్రం నిలవలేదు. సూపర్‌హీరోయిన్‌కి ఏ పేరు నప్పుతుందన్నది అభిమానుల కాలక్షేపమని తీసిపారేసేవాళ్లు ఉంటారు. సాహిత్యం పట్టినవాళ్లు అలా తీసిపారేయలేరు. పాత్ర గురించి రచయిత పాఠకుడికి చెప్పే మొదటి సంగతి పేరే. ఆ మొదటి సంగతినే పదేపదే మార్చేస్తుంటే, తర్వాత చెప్పేవి మనసుకెక్కవు.

1982లో రోజర్ స్టెర్న్, జాన్ రొమీటా జూనియర్ ఒక స్పైడర్‌మాన్ వార్షిక సంచికలో ఆమెను పరిచయం చేశారు. న్యూ ఆర్లీన్స్ ఓడరేవు గస్తీ దళంలో లెఫ్టినెంట్. నల్లజాతి స్త్రీ. ఒంటిని వెలుతురుగా, ఎక్స్ కిరణాలుగా, రేడియో తరంగాలుగా, ఏ రకం శక్తిగానైనా మార్చుకోగలదు. మరుసటి ఏడాదికే అవెంజర్స్ దళంలో చేరింది. అందులో అడుగుపెట్టిన తొలి నల్లజాతి మహిళ ఆమే. 1987కల్లా ఆ దళానికి నాయకురాలైంది. ఇంత త్వరగా ఇంత ఎత్తుకు ఎదిగిన పాత్రలు అమెరికన్ కామిక్స్‌లో అరుదు.

చిక్కంతా ఆమెకు పెట్టిన మొదటి పేరులో ఉంది. కెప్టెన్ మార్వెల్ అనే పేరు 1940 నుంచీ తగవులాటల్లోనే పెరిగింది. మొదట అది ఫాసెట్ సంస్థ కథానాయకుడిది. సూపర్‌మాన్‌కు నకలంటూ ఎదుటి సంస్థ కోర్టుకెక్కింది. 1953లో రాజీ కుదిరి ఫాసెట్ ఆ బొమ్మల కథలు ఆపేసింది. 1967లో మార్వెల్ సంస్థ ఆ పేరును తీసుకుని, మార్‌వెల్ అనే గ్రహాంతర సైనికుడికి పెట్టింది. తర్వాత 1973లో పాత కథానాయకుడిని ఆ ఎదుటి సంస్థ డీసీయే తిరిగి తెచ్చినప్పుడు అట్టమీద పుస్తకం పేరుగా అతని పేరు వేసుకోలేక షజామ్ అని వేసుకోవలసి వచ్చింది. వ్యాపార చిహ్నం వాడుకలో ఉన్నంతకాలమే హక్కు ఉంటుంది. 1982లో జిమ్ స్టార్లిన్ రాసి గీసిన పుస్తకంలో మార్‌వెల్ క్యాన్సర్‌తో చనిపోయాడు. పేరు వాడుకలోంచి పోకుండా అదే ఏడు మోనికా దానితో వచ్చింది.

తర్వాతి కథ బాధ కలిగిస్తుంది. 1996లో మార్‌వెల్ కొడుకు జెనిస్ కోసం ఆమె పేరు వదులుకుని ఫోటాన్ అయింది. 2005లో అదే జెనిస్ ఫోటాన్ పేరు కూడా పెట్టుకుంటే ఆమె పల్సార్ అయింది. తండ్రి పేరు కొడుక్కి చెందాలని మోనికా పెద్దమనసుతో ఒప్పుకున్నట్టు రాశారు. ఆమె చేత ఒప్పించింది రచయితలు. ఆమె మర్యాదస్తురాలు కాబట్టి అడగగానే ఇచ్చేస్తుందన్నది వాళ్లకు వాడుకైపోయింది. 2012లో కారల్ డాన్వర్స్ కెప్టెన్ మార్వెల్ అయ్యాక వచ్చిన ఒక కథలో, నన్నొక మాటైనా అడగలేదేమని మోనికా నిలదీస్తుంది. 1996 నుంచీ ఆమె అడగవలసిన ప్రశ్న అది.

కారల్‌కు ఆ పేరు దక్కడంలో తప్పేమీ లేదు. 1968లో పుట్టిన ఆ పాత్ర మిస్ మార్వెల్, బైనరీ, వార్‌బర్డ్ అంటూ ఎన్నో పేర్లు మోసింది. కెల్లీ స్యూ డికానిక్ రాసిన కథల్లో ఆ బిరుదుకు అర్హురాలిగా నిలబడింది. 2019 సినిమా తెలుగు మాటలతో మన థియేటర్లకూ వచ్చింది కాబట్టి ఇక్కడి పిల్లలకు కూడా కెప్టెన్ మార్వెల్ అంటే కారలే. ఇప్పుడు దాన్ని మోనికాకు తిరిగి ఇమ్మని కోరడం పాత తగవును మళ్లీ రాజేయడమే. పైగా ఆ పేరు పుట్టుకతోనే మరొకరిది.

మంచి పేరుకు రెండు గుణాలుండాలి. వయసుతో పాటు పెరగాలి, మనిషికి అతకాలి. మార్వెల్‌లోనే మరో కథానాయిక సూ స్టార్మ్‌ను 1961లో ఇన్విజిబుల్ గర్ల్ అన్నారు. 1968లో ఆమె తల్లయింది. అయినా 1985 దాకా ఆమెను అమ్మాయిగానే పిలిచారు. జాన్ బర్న్ రాస్తున్న రోజుల్లో గానీ ఆమె ఇన్విజిబుల్ వుమన్ కాలేదు. ఒరోరో మన్రో సంగతి వేరు. 1975లో స్టార్మ్ అని పెట్టారు, ఈనాటికీ స్టార్మే. దొంగగా బతికిన బాల్యం, దేవతగా పూజలందుకున్న యవ్వనం, ఎక్స్‌మెన్ నాయకత్వం, ఇవన్నీ ఆ ఒక్క పేరులోనే ఇమిడాయి. రాసేవాళ్లు మారినా ఆ పేరు జోలికి పోలేదు. అందుకే ఆ మాట వినగానే ఆమె ముఖం కళ్లకు కడుతుంది.

ఈ లెక్కన చూస్తే మోనికాకు నప్పేది స్పెక్ట్రమ్. 2013లో అల్ యూయింగ్ రాసిన మైటీ అవెంజర్స్‌లో ఆమె ఆ పేరుతో వచ్చింది. పల్సార్ అంటే గిర్రున తిరిగే నక్షత్రం. వినడానికి బాగున్నా ఆమె చేసే పనిని చెప్పదు. ఫోటాన్‌ను అంత సులువుగా కాదనలేం. గామా కిరణమైనా రేడియో తరంగమైనా ఫోటాన్ల ప్రవాహమే. సినిమాలో తల్లి మరియా రాంబో పైలట్‌గా వాడుకున్న పేరు కావడంతో ఆ మాటకు ఆప్యాయత కూడా తోడైంది. కానీ ఫోటాన్ ఒక్క కణం. మోనికా ఒక రూపానికి కట్టుబడని మనిషి. గస్తీ అధికారి, నాయకురాలు, కొత్తవాళ్లకు పెద్దదిక్కు, ఇన్ని పాత్రలు ఒకే జీవితంలో పోషించింది. కంటికి కనిపించే వెలుగునూ కనిపించని కిరణాలనూ కలిపి చెప్పే పేరే ఆమెకు చాలుతుంది. స్పెక్ట్రమ్ ఎవరి వారసత్వంగానో వచ్చింది కాదు. ఆమె దాన్ని ఇంకెవరికీ ధారపోయనూ లేదు.

2022 చివర్లో ఈవ్ యూయింగ్ రచనతో మోనికాకు అయిదు సంచికల సొంత ధారావాహిక వచ్చింది. అంతకుముందు ఆమె సొంతంగా అట్టకెక్కింది 1989లో, 1994లో వచ్చిన విడి సంచికల్లోనే. ఇంతకాలానికి దక్కిన ధారావాహిక మీద కూడా పాత పేరే వేశారు. 2023లో వచ్చిన ద మార్వెల్స్ సినిమాలో తోటి కథానాయిక కమలా ఖాన్ ఆమెకు పేరు వెతకడం హాస్యంగా నడుస్తుంది. హాస్యం బాగానే పండింది. కానీ నలభై ఏళ్ల పాత్రకు పేరు లేకపోవడం నవ్వి ఊరుకునే విషయం కాదు.

ప్రచురణకర్తలు ఇప్పుడు చేయవలసింది ఒక్కటే. స్పెక్ట్రమ్ అన్న పేరును అట్టమీద వేసి, ఏళ్ల తరబడి కథలు రాయించాలి. అమ్మకాలు తగ్గిన నెలలో పేరు మార్చకూడదు. మరో కథానాయకుడికి అవసరం పడిందని ఆమెను తప్పుకోమనకూడదు. తెలుగులో బొమ్మల కథలకు కొత్త కథానాయికలను తీర్చిదిద్దుతున్నవారికీ మేం చెప్పేది ఇదే. పేరు పెట్టేముందు ఎంతైనా ఆలోచించండి. పెట్టాక అది ఆమె సొత్తు, మీ అవసరాల కోసం దాన్ని తిరిగి తీసుకోకండి.