జురాంగ్‌లో ఆరుబయట సినిమా

ఈసారి మీకొక సినిమా హాలు కథ చెబుతాను. గోడలు, పైకప్పు లేని హాలు అది!

ఆ మధ్య మా మనవరాలిని తీసుకుని జురాంగ్ సరస్సు పక్కనున్న జపనీస్ గార్డెన్‌కి వెళ్ళాను. 2024 సెప్టెంబరులో మళ్ళీ తెరిచాక అక్కడ సందడి బాగా పెరిగింది. నడుస్తూ నడుస్తూ యువాన్ చింగ్ రోడ్డు వైపు చూపించి, “మీ ముత్తాతగారు ఇక్కడే ఒక సినిమా చూశారు, అదీ సగమే!” అన్నాను. “హాలు ఏది అమ్మమ్మా?” అని అది నాలుగు వైపులా వెతికింది.

పిల్లలూ, దాన్ని డ్రైవ్-ఇన్ సినిమా అనేవారు. కారులో వెళ్ళి, కారులోనే కూర్చుని, ఎదురుగా ఉన్న పెద్ద తెర మీద సినిమా చూడడమన్నమాట. 1933లో అమెరికాలోని న్యూజెర్సీలో మొదలైన ముచ్చట ఇది. మన దేశంలో అహ్మదాబాదులో 1973లో ఒకటి వచ్చింది. సింగపూరు అంతకంటే రెండేళ్ళు ముందే ఉంది. 1971 జులై 14న కాథే సంస్థ ఈ జురాంగ్ డ్రైవ్-ఇన్‌ను ప్రారంభించింది. ‘డాక్టర్ ఇన్ ట్రబుల్’ అనే బ్రిటిష్ హాస్య చిత్రం మొదటి ఆట. ఒకేసారి సుమారు 900 కార్లు పట్టేవి. ఆసియాలోకెల్లా పెద్దదని గొప్పగా చెప్పుకునేవారు. మొదట్లో టిక్కెట్టు పెద్దలకు 2 డాలర్లు, పిల్లలకు 1 డాలరు.

కారు లేనివాళ్ళ కోసం కూడా 300 సీట్లు ఉండేవి. మా కథంతా ఆ సీట్లలోనే!

నేను పెళ్ళయి 1979లో ఇక్కడికి వచ్చాను. మావారు జురాంగ్‌లో ఒక షిప్‌యార్డులో పనిచేసేవారు. జీతంలో సగం ఇంటికి పంపాలి, మిగిలిన దాంట్లో ఇల్లు గడవాలి. ఇక కారు మాటెక్కడిది? అయినా రెండు మూడు నెలలకొకసారి, పులిహోర డబ్బాలో పెట్టుకుని, బస్సెక్కి ఆ సినిమాకి వెళ్ళేవాళ్ళం. కార్లలో వచ్చిన పిల్లలు పైజమాలతో వెనక సీట్లో దుప్పటి కప్పుకుని పడుకుని చూస్తుంటే మా అమ్మాయి వాళ్ళనే చూసేది. కారు కిటికీకి తగిలించుకునే చిన్న స్పీకరంటే దానికి మహా మోజు. “మనకూ కారు వస్తుందిలే, అప్పుడు నువ్వే తగిలిద్దువు గాని” అనేవారు మావారు.

1984లో మా నాన్నగారు మూడు నెలలుండేలా వచ్చారు. ఆయన గురించి ఒక్క మాట చెప్పాలి. వయసులో ఉండగా ఆయన టూరింగ్ టాకీస్‌లో ఆపరేటరు. ఊరి చివర గుడారం, నేల టిక్కెట్టు, బెంచీ టిక్కెట్టు, కుర్చీ టిక్కెట్టు. మైకులో ఘంటసాలగారి వెంకటేశ్వరస్వామి పాట వినబడితే ఆట మొదలవుతోందని ఊరంతా పరుగెత్తేది. అలాంటి మనిషిని సింగపూరులో ఏం చూస్తారని అడిగితే ఇంకేమంటారు?

ఆ రాత్రి నాన్న తెర వైపు సరిగా చూడనే లేదు. వెనక్కి తిరిగి, చీకట్లో కార్ల మీదుగా వస్తున్న వెలుగునే చూస్తూ కూర్చున్నారు. “ఇంత దూరం నుంచి వేస్తున్నా బొమ్మ చెదరడం లేదమ్మాయ్!” అని ఒకటే ఆశ్చర్యం. ఉన్నట్టుండి నా చెయ్యి తట్టి, “తెర పైన కుడి మూల చూడు, చుక్క పడింది. ఇంకోటి పడుతుంది, రీలు మారుతుంది” అన్నారు. పడింది! అప్పటిదాకా ఎన్ని సినిమాలు చూశానో, ఆ చుక్క నా కంట ఎప్పుడూ పడలేదు. “ఇక్కడ రెండో మిషను అందుకుంటుంది. మాకు ఒక్కటే మిషను కదా! రీలు మార్చే లోపల జనం ఈలలు వేసేవారు” అని చిన్నపిల్లాడిలా నవ్వారు.

ఇంతలో వాన. సింగపూరు వాన సంగతి మీకు తెలియనిదేముంది! తెర మీద బొమ్మ మసకబారిపోయింది. ఆఖరి బస్సు తప్పిపోతుందని లేచి వచ్చేశాం. బస్సులో మావారు, “వచ్చేసారి మన కారులోనే తీసుకెళ్తాను మామయ్యగారూ, మొత్తం చూద్దాం” అన్నారు. “అయితే స్పీకరు నేనే తగిలిస్తాను అల్లుడుగారూ” అన్నారు నాన్న. మా అమ్మాయి ఒప్పుకోలేదు. ఇద్దరికీ పెద్ద గొడవ!

1985 సెప్టెంబరు 30న జురాంగ్ డ్రైవ్-ఇన్ మూతపడింది. వానలు, సరిగా వినబడని శబ్దం, ఇంటింటికీ వచ్చిన వీడియో క్యాసెట్లు, ఆట అయిపోయాక అక్కడ జరిగే కారు పందేల గొడవ... కారణాలు చాలా చెప్పారు. తరువాత అక్కడ గోల్ఫ్ సాధన చేసుకునే మైదానం వచ్చింది.

మేము సెకండ్ హ్యాండ్ కారు కొన్నది 1986లో. నాన్న ప్రతి ఉత్తరంలోనూ “కారు కొన్నారా? సినిమా ఎప్పుడు?” అని రాసేవారు. కారు కొన్నామని రాశాను. థియేటరు మూసేశారని మాత్రం రాయడానికి చెయ్యి రాలేదు. వచ్చినప్పుడు నోటితో చెప్పవచ్చులే అనుకున్నాను. ఆయన మళ్ళీ రాలేదు. 1987లో కాలం చేశారు. స్పీకరు తనదే అన్న ధీమాతోనే వెళ్ళిపోయారనుకుంటాను.

ఇదంతా విని మా మనవరాలు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆ సినిమా పేరేంటి? మిగతా సగం మనం చూద్దామా?” అంది. పేరు నాకు గుర్తులేదు! గుర్తున్నదల్లా ఆ చుక్క ఒక్కటే.

మీ ఇంటికి కూడా ఈ సెలవుల్లో అమ్మమ్మలు, తాతయ్యలు వస్తూ ఉంటారు. వాళ్ళు ఏదైనా చూడాలని అడిగితే, కారు కొన్నాక, పెద్ద ఇల్లు తీసుకున్నాక అని వాయిదా వేయకండి. బస్సులోనైనా సరే, ఈసారే తీసుకెళ్ళండి. పిల్లలూ, మీరు వాళ్ళ పక్కనే కూర్చుని, చిన్నప్పుడు ఏ పని చేసేవారో అడగండి. మీకు కనబడని చుక్క వాళ్ళకు కనబడుతుంది.