పొలానికి వచ్చిన కబురు

పాణ్యం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలల పిల్లలు కృత్రిమ మేధ సత్తా చూడాలంటే అమెరికా దాకా వెళ్లక్కర్లేదు.

2016లో ఉమ్మడి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 30 ఏళ్ల వాతావరణ లెక్కలను కంప్యూటర్‌కు నేర్పించాయి. 175 మంది వేరుశనగ రైతుల మామూలు సెల్‌ఫోన్లకు తెలుగులోనే కబురు వెళ్లింది: ఎప్పుడు విత్తాలో, ఎంత లోతున విత్తాలో. తొలి జల్లుకే అరక కట్టే రైతులు జూన్ చివరి వారం దాకా ఆగారు. దిగుబడి 30 శాతం పెరిగిందని నిర్వాహకులు ప్రకటించారు.

ఇదీ పరిశోధనంటే! ప్రాజెక్టు రిపోర్టును చాట్‌జీపీటీతో రాయించుకుంటే మార్కులు రావచ్చేమో గానీ, రేగడి నేలలో పదును ఎన్నాళ్లుంటుందో తెలియదు.

నంద్యాలలో 1906లో మొదలైన వ్యవసాయ పరిశోధన కేంద్రం పక్కనే ఉంది. కళాశాలలు దానితో చేయి కలిపి, విద్యార్థుల ప్రాజెక్టులను వచ్చే ఖరీఫ్‌కైనా పొలం గట్టు మీదికి తీసుకురావాలి.